పర్వతాలు ఇచ్చిన వాంగ్మూలం

మిర్యాలగూడ మున్సిఫ్ కోర్టులో పర్వతాలు అనే మనిషి ఉద్యోగం ఏమిటని అడిగితే, తలుపు దగ్గర నిలబడి పేర్లు పిలిచే జవాను అని సర్కారు కాగితాలు చెప్పేవి. సర్కారు కాగితాలకు అంతకంటే ఎక్కువ తెలిస్తే కదా! నైజాం రాజ్యంలో కోర్టంతా ఉర్దూలో నడిచేది. తగాదాలన్నీ తెలుగులో పుట్టేవి. పైన కూర్చున్న మున్సిఫ్‌గారికి తెలుగు రాదు, బోనులో నిలబడ్డ రైతుకు ఉర్దూ రాదు. ఇద్దరికీ నడుమ పర్వతాలు నిలబడి ఇటు విన్నది అటు, అటు విన్నది ఇటు చెప్పేవాడు. అందుకు వేరే జీతం లేదు, వేరే పేరూ లేదు. ఆయన జ్వరమొచ్చి రాని రోజు మాత్రం కేసులన్నీ వాయిదా పడేవి.

ఆయనది ఆత్మకూరు పక్కన చిన్న పల్లె. పడుచు వయసులో గిర్దావర్ సాబు కచ్చరం బండి తోలాడు. గిర్దావర్ అంటే ఊరూరా తిరిగి పొలాలూ పన్నులూ తనిఖీ చేసే సర్కారు మనిషి. ఆ సాబు నోరు మంచిది కాదు. అందుకని ఉర్దూ పర్వతాలుకు తిట్ల వైపు నుంచి వచ్చింది. ముందు తిట్లు, తర్వాత ఆజ్ఞలు, కోర్టులో చేరాక చిట్టచివరికి మర్యాదలు. మర్యాదలు వచ్చాక మాత్రం ఆయన ఉర్దూకి తిరుగులేదు. హైదరాబాదు నుంచి వచ్చిన వకీళ్లు కూడా ఒక క్షణం ఆగి, ఈ రుమాలు చుట్టుకున్న మనిషి ఎవరా అని చూసేవాళ్లు.

ఇంట్లో మాత్రం మూగనోము. పొద్దంతా ఇద్దరి తరఫున మాట్లాడిన మనిషికి మూడో మనిషి తరఫున మాట్లాడే ఓపిక ఉండదు. ఆ మూడో మనిషి తనే అయినా సరే. భార్య సైదమ్మకు ఆయన దగ్గర దొరికే మాటలు బహు తక్కువ. పెళ్లైన కొత్తలో మొదలుపెట్టిన పిలుపు ఒకటి ఉండేది, "ఇగో పిల్లా" అని. బిడ్డకు పెళ్లై సూర్యాపేటకు కాపురానికి పోయినా, సైదమ్మ తల నెరిసినా ఆ పిలుపు మారలేదు. "ఇగో పిల్లా, చెంబు." "ఇగో పిల్లా, పోయొస్త." అంతే. మిగతా మాటలన్నీ సైదమ్మే మాట్లాడేది. రెండు బర్రెలు పెట్టుకుని వాడకంతా పాలు పోసే మనిషి, ఆమెకు మాటలకు కరువేముంది!

వాళ్ల కాపురంలో మొదటి జగడం కూడా ఈ కోర్టు పని మూలంగానే వచ్చింది. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో సైదమ్మ ఒకనాడు సద్ది మూట పట్టుకుని కోర్టుకు పోయింది. కిటికీ పక్కన నిలబడితే లోపల మొగుడి గొంతు వినబడింది. ఎదురుగా పండుముసలి ఒకడు చేతులు జోడించుకుని నిలబడ్డాడు. పర్వతాలు ఆ ముసలాయన కళ్లలోకి చూసి, "నీ మాట నేను నమ్మను. నీకు మూడు నెలల జైలు వేస్తున్న" అంటున్నాడు. సైదమ్మ సద్ది మూట అక్కడే పెట్టి వచ్చేసింది. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే పట్టుకుంది.

"గా ముసలాయన నీకేం చేసిండయ్యా? జైల్ల ఏస్తవా? నీకు కడుపుల దయ ఉన్నదా?"

పర్వతాలు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ మాటలు మున్సిఫ్‌గారివి. ఊళ్లలో తన మాటలు రైతులకు చెప్పించేటప్పుడు గిర్దావర్ సాబు నేర్పించిన పద్ధతి అది. 'ఆయన అంటున్నడు, ఈయన అంటున్నడు' అని నడుమ పెట్టకూడదు. సాబు 'నేను' అంటే నువ్వూ 'నేను' అనాలి. దొంగ 'నేను' అంటే అప్పుడూ 'నేను' అనాలి. అలా పర్వతాలు ఒకే పూటలో మున్సిఫయ్యేవాడు, దొంగయ్యేవాడు, బర్రె పోగొట్టుకున్న రైతయ్యేవాడు. ఆయన నోట్లోంచి రోజుకు ఎన్ని 'నేను'లు వచ్చేవో, వాటిలో ఒక్కటీ ఆయనది కాదు.

ఆ కోర్టులో ఇంకొక పద్ధతి ఉండేది. సాక్షి చెప్పిందంతా పేష్కార్ ఉర్దూలో రాసుకునేవాడు. మున్సిఫ్ ముందు కాగితాలు పెట్టి, చదివి, రాసే గుమాస్తాను పేష్కార్ అంటారు. రాయడం అయిపోయాక ఆయన లేచి నిలబడి, కాగితం చేతిలో పట్టుకుని, ఆ వాంగ్మూలమంతా సాక్షికి చదివి వినిపించాలి. ఒక్కొక్క వాక్యం దగ్గర ఆగాలి. పర్వతాలు దాన్ని తెలుగు చేసి సాక్షికి చెప్పాలి. చివర "విన్నవు గద, అంతా సరిగున్నదా, ఒప్పుకుంటున్నవా?" అని అడగాలి. సాక్షి ఒప్పుకున్నాకే వేలిముద్ర. ఆ పేష్కార్ పేరు గులాం దస్తగిరి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్లని షేర్వాణీలో ఉండేవాడు. ఆయనా పర్వతాలూ ఆ పని కలిసి ఎన్నేళ్లు చేశారంటే, పర్వతాలు పక్కన ఉన్నాడన్న ధీమాతో దస్తగిరి సాబు తెలుగు నేర్చుకోకుండానే మిర్యాలగూడలో ముసలివాడైపోయాడు.

ఇక నలభై ఎనిమిదో సంవత్సరం. ఆ సంవత్సరం సంగతి ఈ వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎండాకాలం పోయాక రజాకార్లు కోదాడ దగ్గర సైదమ్మ తమ్ముడు లచ్చయ్యను పట్టుకుని, నైజాంను ఎదిరించే సంఘం వాళ్లకు అన్నం పెట్టావని కాలు విరగ్గొట్టారు. ఎముక ఆ తర్వాత ఎన్నాళ్లకో వంకరగా అతుక్కుంది. భాద్రపదంలో యూనియన్ మిలిటరీ కోదాడ మీదుగా సూర్యాపేటకు వచ్చింది, నైజాం రాజ్యం ఖతమైంది. అప్పుడు ఊళ్లలో కోపం కట్ట తెగింది. ఎవరు తప్పు చేశారు, ఎవరు చేయలేదని చూసే ఓపిక ఎవరికీ లేదు. షేర్వాణీ కనబడితే చాలు.

ఆ వారంలో ఒక మధ్యాహ్నం పర్వతాలు పేష్కార్ దస్తగిరినీ, ఆయన భార్య బీబమ్మనూ వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. సైదమ్మను ముందుగా ఒక్క మాట అడగలేదు. వాకిట్లో నిలబడి ఆమె వైపు చూశాడు, అంతే. లచ్చయ్య విరిగిన కాలు ఇంకా ఆమె కళ్ల ముందే ఉంది. అయినా సైదమ్మ చేతిలో ఉన్న చాట కింద పెట్టి, బీబమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఊరు చల్లబడేదాకా ఆ ఇద్దరూ ఆ ఇంటి లోపలి అర్రలోనే ఉన్నారు. ఆడవాళ్లిద్దరూ సైగలతోనే కాలం వెళ్లబుచ్చారు. ఆ తర్వాత పేష్కార్ ఉద్యోగం మానుకున్నాడు. ఇల్లు మిర్యాలగూడలోనే ఉంచుకుని, హైదరాబాదులో కొడుకు దగ్గరికి వస్తూ పోతూ ఉన్నాడు. ఈ సంగతి గురించి మొగుడూ పెళ్లాలు మళ్లీ మాట్లాడుకోలేదు. మాట్లాడుకునే అలవాటు ఉంటే కదా.

మరుసటి సంవత్సరం వానాకాలం. ఒక పొద్దున పర్వతాలు కోర్టుకు బయలుదేరి, గడప దాటి, మళ్లీ వెనక్కి వచ్చాడు. సైదమ్మ బర్రె పొదుగు దగ్గర కూర్చుని ఉంది.

"ఇగో పిల్లా, నీకొక మాట చెప్పాలె."

"చెప్పు."

ఆయన నోరు తెరిచాడు, మూశాడు. రుమాలు సర్దుకున్నాడు. "సాయంత్రం చెప్త తియ్యి" అని వెళ్లిపోయాడు.

సైదమ్మ ఆ పూటంతా పాలు పోస్తూనే ఆలోచించింది. తనంతట తాను ఒక మాట చెప్పాలనుకోవడం ఆ మనిషికి కొత్త. ఏమై ఉంటుంది? ఉద్యోగం పోయిందా? బిడ్డ దగ్గర్నుంచి కబురేమైనా వచ్చిందా? ఏమో, సాయంత్రం చెప్తాడు కదా అనుకుంది. ఎండ నెత్తి మీదికి రాకముందే నలుగురు మనుషులు ఆయన్ని మంచం మీద మోసుకొచ్చారు. కోర్టులో నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడట. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. నోరు పక్కకు పోయింది.

బస్సులో సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయారు. ప్రాణం నిలిచింది. కొద్ది రోజులకు కాలు కొంచెం కదిలింది, నోరు చక్కబడింది, మాట కూడా వచ్చింది. కానీ వచ్చింది ఉర్దూ! సైదమ్మ "ఎట్లున్నదయ్యా?" అంటే అర్థమయ్యేది. కళ్లతోనే తెలిసేది అర్థమైనట్టు. జవాబు మాత్రం ఉర్దూలో. "నీళ్లు గావాల్నా?" అంటే తల ఊపి, నీళ్లను ఉర్దూలోనే అడిగేవాడు. తెలుగు చెవుల్లోంచి లోపలికి పోతోంది, నోట్లోంచి బయటికి రావడం లేదు. తెలుగులో చెప్పబోయి, పెదవులు కూడదీసుకుని, నుదుట చెమటలు పట్టి, చివరికి మళ్లీ ఉర్దూలోనే ఏదో అని కళ్లు మూసుకునేవాడు.

దవాఖాన డాక్టర్ పడుచువాడు, మంచివాడు. తెలియనిదాన్ని తెలియదని చెప్పే రకం. "అమ్మా, మెదడుల రక్తం పారే నరం మూసుకుపోయింది. రెండు భాషలు వచ్చినోళ్లకు గిట్ల ఒక్కటి మిగిలి ఇంకొకటి పోవుడు పుస్తకాలల్ల చదివిన గని, కండ్లార చూసుడు ఇదే మొదలు. తల ఒక్కటే గని, లోపల భాషకో తొవ్వ ఉంటదేమో. ఒక తొవ్వ మూసుకున్నది. ఇంకో దిక్కు నుంచి వస్తదేమో జర్ర ఓపిక పట్టి సూడుండ్రి" అన్నాడు.

సైదమ్మకు నరమూ అర్థం కాలేదు, తొవ్వా అర్థం కాలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ పొద్దున చెప్తానన్న మాట ఏమిటో ఆయన నోటితో, తనకు తెలిసే భాషలో చెప్పాలి. ఆమెకు ఉర్దూ అంటే 'జర', 'పరేషాన్', 'ఖతం' లాంటి వాడుక మాటలే తప్ప మరేం రాదు. ఒకే కప్పు కింద, ఒకే మంచం పక్కన కూర్చుని, మొగుడు మాట్లాడుతుంటే తెలియకపోవడం ఎంత నరకమో ఆమెకే తెలుసు. ఇన్నేళ్లు మాట్లాడని మొగుణ్ని భరించింది. ఇప్పుడు మాట్లాడే మొగుణ్ని భరించడం ఆమె వల్ల కాలేదు.

ఆయన్ని మిర్యాలగూడ ఇంటికి తెచ్చాక లచ్చయ్య కోదాడ నుంచి కర్ర పోటు వేసుకుంటూ వచ్చి బావను చూశాడు. ఉర్దూ వినబడగానే ముఖం ముడుచుకున్నాడు.

"అక్కా, ఇది నరమూ కాదు, నా మొహమూ కాదు. బావ ఒంట్లో జిన్ను దూరింది. తురక జిన్ను. లేకపోతే మనోడు తెలుగు మర్చిపోవటమేందే?"

"గట్లంటవా తమ్మీ?"

"అనటం కాదే, అదే! దర్గాకు తీసుకుపోదాం. వాళ్ల జిన్ను వాళ్ల మాటే వింటది."

ఉర్దూ వింటే ఒళ్లు మండే లచ్చయ్యకు దర్గా అంటే ప్రాణం. ఆ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇముడుతాయని అడగకండి, ఈ వైపు సగం మంది అంతే. అసలు సైదమ్మ పేరే దర్గా మొక్కుబడి పేరు. బండి కట్టారు. పర్వతాలును ఎండుగడ్డి మీద పడుకోబెట్టి, కొబ్బరికాయ, దర్గాలో పెట్టడానికి మలీద ముద్దలు తీసుకుని ఊరవతల దర్గాకు పోయారు.

ముజావర్ అంటే దర్గాను చూసుకునే పెద్దమనిషి. తెల్ల గడ్డం, పచ్చ రుమాలు. పర్వతాలును ఎదురుగా కూర్చోబెట్టి, ఊదు వేసి, నెమలీకల కట్టతో భుజం మీద ఒక్కటి వేసి, ఎవడివి నువ్వని ఉర్దూలో గట్టిగా గద్దించాడు, "కౌన్ హై తూ?"

పర్వతాలు ఎడమ చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, తల వంచి, కోర్టులో అలవాటైన మర్యాదతో జవాబిచ్చాడు. "హుజూర్, బందా పర్వతాలు. మున్సిఫ్ అదాలత్ కా చప్రాసీ."

ముజావర్ నెమలీకల కట్ట దించాడు. లచ్చయ్య వైపు తిరిగి తెలుగులో, "జిన్ను ఇంత మర్యాదగా మాట్లాడది. నేను పర్వతాలును, కోర్టు జవానును అంటున్నడు. ఈయన లోపట ఎవ్వరు లేరు, ఈయనే ఉన్నడు" అన్నాడు.

ఆఖరి ఆశ కూడా పోయిందనుకుని సైదమ్మ నోట్లో కొంగు కుక్కుకుని బోరున ఏడ్చింది. ముజావర్ జాలిపడ్డాడు. అప్పటిదాకా ఉర్దూలో మాట్లాడుతున్నవాడు కదా, ఆ ఊపులోనే ఆమె వైపు తిరిగి, "రో మత్ అమ్మా, అల్లా బడా హై" అన్నాడు.

అప్పుడు జరిగింది. పర్వతాలు మెడ తిప్పి సైదమ్మను చూశాడు. వీపు నిటారుగా అయింది. స్పష్టంగా, తొట్రుపాటు లేకుండా అన్నాడు: "ఏడ్వకు అమ్మా, దేవుడు పెద్దోడు."

తెలుగు! సైదమ్మ నోట్లోంచి కొంగు తీసింది. లచ్చయ్య చేతిలో కర్ర జారింది. "బావా, ఇంకోసారి అను" అని బతిమాలాడు. పర్వతాలు అనబోయాడు, ఉర్దూయే వచ్చింది. ముజావర్ కొంచెంసేపు గడ్డం నిమురుకుని, మళ్లీ సైదమ్మ వైపు చూస్తూ "ఖానా ఖాయా అమ్మా?" అన్నాడు. వెంటనే పర్వతాలు ఆమెకు చెప్పాడు, "బువ్వ తిన్నవా అమ్మా?" "ఇంక తినలే" అని సైదమ్మ అంటే, ముజావర్ వైపు తిరిగి దాన్ని ఉర్దూలో అప్పజెప్పాడు.

అందరికీ తెలిసిపోయింది. తనంతట తాను తెలుగులో ఒక్క ముక్క చెప్పలేని మనిషి, ఎదుటివాడు ఉర్దూలో అన్నదాన్ని మాత్రం తెలుగు చేయగలడు. చేసే పనిలోంచి, నడుమ నిలబడే అలవాటులోంచి తెలుగు వస్తోంది. డాక్టర్ చెప్పిన ఇంకో తొవ్వ ఇదే కాబోలు. తిరుగు దారిలో బండి మీద సైదమ్మ ఒక పక్క మొక్కుకుంటూనే ఇంకో పక్క గొణిగింది. "నెల దినాలకు నోరు తెరిచిండు. తెరిచి పెండ్లాన్ని పట్టుకొని అమ్మా అంటడు!" లచ్చయ్య నవ్వితే ఆమె కూడా నవ్వింది. చాలా రోజులకు నవ్వింది.

కబురు తెలిసి దస్తగిరి సాబు హైదరాబాదు నుంచి బస్సు దిగి, నేరుగా ఆ ఇంటికే వచ్చాడు. పర్వతాలును కావలించుకుని చాలాసేపు వదల్లేదు. మరునాటి నుంచి ప్రతి సాయంత్రం నమాజు చదువుకుని వచ్చేవాడు. పర్వతాలు మంచం మీద నడుమ. ఆ పక్క సైదమ్మ, ఈ పక్క పేష్కార్ సాబు. ఆయనకు తెలుగు రాదు, ఆమెకు ఉర్దూ రాదు, కాబట్టి పర్వతాలుకు పని దొరికింది. పని దొరికితే తెలుగు వచ్చేది.

అయితే పేష్కార్ సాబుది హైదరాబాదు మర్యాద. ఆయన "భాభీ సాహెబా" అని, అంటే వదినగారూ అని మొదలుపెట్టి, ఆమె చేతి చాయ్ గురించి, ఆమె సహనం గురించి పొగిడేవాడు. పర్వతాలు దాన్ని తూచా తప్పకుండా తెలుగు చేసేవాడు. "అమ్మా, నీ చేతి చాయ్ తాగితే పొద్దటి అలసట పోతది. నీ ఓపిక ముందర మేమెంత?" సైదమ్మ ముఖం ఎర్రబడేది. ఆ నోటి నుంచి అలాంటి మాట ఇన్నేళ్ల కాపురంలో వినలేదు. కాసేపు సంబరంగా ఉండేది. పేష్కార్ సాబు లేచి వెళ్లిపోయాక మాత్రం మనసు చివుక్కుమనేది. నోరు తన మొగుడిది, మాటలు పరాయి మనిషివి. 'నేను' అంటాడు, అది ఈయన కాదు.

ఒక సాయంత్రం ఆమె ఇక ఆగలేకపోయింది. లచ్చయ్య కూడా ఆ రోజు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పేష్కార్ ఉన్నప్పుడు లోపలికి రాడు, అది అతని పంతం. పేష్కార్ సాబు ఏదో మంచిమాట అన్నాడు, పర్వతాలు దాన్ని తెలుగు చేశాడు. సైదమ్మ చాయ్ గ్లాసు నేల మీద టక్కున పెట్టింది.

"ఆపు! మంది మాటలు నాకొద్దు. నీ మాట చెప్పు. ఆ పొద్దు గడప దాటి వెనకకొచ్చినవ్. నీకొక మాట చెప్పాలె అన్నవ్. సాయంత్రం అన్నవ్. ఎన్ని సాయంత్రాలు పోయినయి! ఏందది? ఏం చెప్దామనుకున్నవ్?"

పర్వతాలు ఆమెను చూశాడు. పెదవులు కదిపాడు. మెడ నరాలు ఉబ్బాయి. తెలుగు రాలేదు. అప్పుడు ఆయన కట్ట తెగినట్టు మొదలుపెట్టాడు. ఉర్దూలో. ఆమె చెయ్యి పట్టుకుని, ఆమె ముఖంలోకే చూస్తూ, ఆగి ఆగి చెప్పాడు. కళ్ల నీళ్లు గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకోలేదు. సైదమ్మ ఒక్క ముక్క తెలియక ఆ చెయ్యి పట్టుకుని కూర్చుంది. మాట ఎదురుగా ఉంది, చేతికి అందదు. ఆమె తిరిగి పేష్కార్ సాబు వైపు చూసింది. ఆయన తల వంచుకుని ఉన్నాడు. అంతా అర్థమైంది ఆయనకు. కానీ చెప్పడానికి ఆయన దగ్గర తెలుగేది?

 దస్తగిరి సాబు మెల్లగా లేచి నిలబడ్డాడు. షేర్వాణీ గుండీలు పెట్టుకున్నాడు. టోపీ సర్దుకున్నాడు. ఖాళీ అరచేతిని కాగితంలా ముందుకు చాచి పట్టుకుని, ఎన్నో ఏళ్లు కోర్టులో చదివిన గొంతుతో, పర్వతాలు చెప్పిన మాటలనే పర్వతాలుకు చదివి వినిపించడం మొదలుపెట్టాడు. సాక్షి వాంగ్మూలం చదివినట్టు. ఒక్కొక్క వాక్యం దగ్గర ఆగుతూ.

"భాభీ సాహెబా," అని ఆగాడు.

పర్వతాలు వీపు నిటారుగా చేసుకున్నాడు. సైదమ్మ వైపు తిరిగాడు.

"ఇగో పిల్లా," అన్నాడు.

సైదమ్మ ఉలిక్కిపడింది. అమ్మా అనలేదు. పేష్కార్ సాబు చెప్పని మాట అది, ఆయనకు తెలియని మాట.  పేష్కార్ ఒక్కొక్క వాక్యమే చదివాడు, పర్వతాలు ఒక్కొక్కటే చెప్పాడు.

"ఆ దినం నిన్ను అడగకుండ పేష్కార్ సాబును, బీబమ్మను మనింటికి తోల్కొచ్చిన.

"నీ తమ్ముని కాలు అప్పటికింక మానలే. వాకిట్ల నిలవడి, నువ్వేమంటవో అని వణికిన. కోర్టుల ఎంతమందికో శిక్ష చెప్పిన గని, నాకు శిక్ష పడుతదేమో అని భయమైంది ఆ ఒక్కనాడే.

"నువ్వు ఒక్క మాట అడగలే. బీబమ్మ చెయ్యి పట్టి లోపలికి తోల్కపోయినవ్."

ఇక్కడ పేష్కార్ సాబు చదవడం ఆపాడు.  కళ్లు గట్టిగా మూసి తెరిచి, మళ్లీ అందుకున్నాడు.

"ఇంట్ల ఉన్న సన్నబియ్యం వాళ్లకు వండి, నువ్వు పొయ్యి ఎనక కూసోని జొన్న గటుక తిన్నవ్. నేను సూసిన.

"మంది మాటలు మోసి మోసి, నాకు ఒక మాట ఉంటదని మర్సిన. ఆ పొద్దు చెప్దామనుకున్నది గిదే. నీ పుణ్యాన నేను మనిషి లెక్క బతికిన. నీ కడుపు సల్లగుండ."

వాకిట్లో బర్రె చెవులు విదిలించుకుంది. అరుగు మీద లచ్చయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కర్ర పట్టుకుని లేచి, గడప దాటి లోపలికి వచ్చి, పేష్కార్ సాబు వెనక ఉన్న పీట కాలితో ముందుకు జరిపాడు, కూర్చోమన్నట్టు. 

పేష్కార్ సాబు కూర్చోలేదు. వాంగ్మూలం ఇంకా పూర్తి కాలేదు మరి. పద్ధతి పద్ధతే. చివరి ప్రశ్న ఉర్దూలో అడిగాడు. పర్వతాలు దాన్ని సైదమ్మకు చెప్పాడు:

"విన్నవు గద. అంతా సరిగున్నదా? ఒప్పుకుంటున్నవా?"

సైదమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ముక్కు చీదుకుంది.

"సరిగ లేదు" అంది. "గటుక ఒక్క దినమే తిన్న. రోజూ తిన్నట్టు చెప్తున్నడు."

పర్వతాలు పేష్కార్ వైపు తిరిగి ఆ అభ్యంతరాన్ని ఒక్క అక్షరం పోకుండా ఉర్దూలో విన్నవించాడు. దస్తగిరి సాబు నవ్వబోయి, నవ్వలేక, ఏడ్వలేక, చేతి రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

సైదమ్మ మొగుడి చచ్చుబడిన చేతిని రెండు చేతులతో తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఆయన ముఖంలోకి చూడలేక, పేష్కార్ సాబు ఖాళీ అరచేతి వైపు చూస్తూ అడిగింది.

"మల్లొక్కపారి సదువుమను."

పర్వతాలు ఆ మాట ఉర్దూలో చెప్పాడు. దస్తగిరి సాబు అరచెయ్యి మళ్లీ ముందుకు చాచి, గొంతు సవరించుకున్నాడు.